తూర్పు గోడ పక్క నాలుగు మడులు

మూడో అంతస్తు, వెనక గది
జూన్ 4

బావమరిదీ,

పంతొమ్మిదేళ్ల తరవాత నా చేతిరాత చూసి నీకు చెమటలు పట్టి ఉండాలి. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో మాట గాలిలో కలిసిపోతుంది. తరవాత "నేనలా అనలేదే" అనటానికి నీలాంటివాళ్లకి వీలుగా ఉంటుంది. కాగితం మీద అయితే అన్నది అన్నట్టే ఉంటుంది. జవాబు కూడా కాగితం మీదే కావాలి.

సంగతేమిటంటే, నిన్న మా వీధి చివర కూరల కొట్టు ముందు ఒక బోర్డు చూశాను. పాత బస్సు డిపో స్థలంలో తోట వేశారట. ముప్ఫై మడులు. చుట్టుపక్కల మూడువందల ఇళ్లకి అక్కడి కూరే వెళ్తోందట. లారీలో రెండు రోజులు వడిలిన ఆకు కాదు, పొద్దున కోసింది పొద్దునే పొయ్యి మీదకి. మంచిదే. నగరం తన తిండి తానే పండించుకోవాలని నువ్వు నిక్కర్లు వేసుకునే రోజుల నించీ పెద్దవాళ్లు రాస్తున్నారు, నేను చదువుతున్నాను. కానీ బోర్డు అడుగున "నేలను పరీక్షించడమైనది" అని, దాని కింద సలహాదారుగా నీ సంతకం. చివర ఆ గొడుగు పిడి లాంటి వంకర చూసి గుర్తుపట్టాను.

మన మట్టి పరీక్షల లేబులో నిన్ను గొడుగు అనేవాళ్లు, గుర్తుందా? ఎండా వానా లేకుండా గొడుగు పట్టుకు తిరుగుతావని వాళ్లు అనుకునేవాళ్లు. ఎప్పుడూ ఎవరి నీడలోనో నిలబడతావు కాబట్టి అని నేను అనుకునేవాణ్ని. ఆ నీడ నాదే. భార్య తమ్ముడివని ఇంట్లో పెట్టుకుని, పక్కన కూర్చోబెట్టుకుని మట్టి పట్టుకోవడం నేర్పాను. పొలంలో ముప్ఫై చోట్ల తవ్విన మట్టిని ఒక గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ పోయి, చివరికి మిగిలిన గుప్పెడుకి ఒకే ఒక్క పరీక్ష చేసి పొలమంతటి గుణం చెప్పే పద్ధతి నాది. అచ్చైంది నీ పేరుతో. ఒక్క నీ పేరుతో. దేశమంతా ఇప్పుడు దాన్నే పాటిస్తోందని విన్నాను. మీ అక్క పోయిన రోజున కూడా గేటు బయట గొడుగు కిందే నిలబడి వెళ్లిపోయావు.

ఇప్పుడు అడిగినవాటికి జవాబు రాయి. ఒకటి, ఎన్ని మడుల్లో తవ్వారు? రెండు, ఎంత లోతు? మూడు, మట్టి అక్కడిదా, తెచ్చి పోసిందా? నాలుగు, డిపో షెడ్లు ఏ వైపున ఉండేవి? ఐదు, మట్టి కలిపి చూశారా, విడివిడిగా చూశారా? ఆరు, సీసం చూశారా?

మా అమ్మాయి పక్క వీధిలో క్రెష్ నడుపుతోంది. పద్నాలుగు మంది పసివాళ్లు, అందులో మా పిచ్చుక ఒకతె. పిచ్చుక అంటే నా మనవరాలు, మూడున్నరేళ్లది, నువ్వు చూసి ఉండవు. ఆ డిపో తోట కూర మన గడప తొక్కకూడదని అమ్మాయికి నిన్ననే చెప్పేశాను. తల ఊపింది.

ఇట్లు,
నీ అక్క మొగుడు

•

తోట షెడ్డు
జూన్ 15

బావా,

చెమటలు పట్టిన మాట నిజమే కానీ అది ఎండకి. ఈ రేకుల షెడ్డులో కూర్చుని రాస్తుంటే కాగితం కూడా చేతికి అంటుకుంటోంది.

నువ్వు బాగున్నావని తెలిసి సంతోషం, మారలేదని తెలిసి ఇంకా సంతోషం. పాలవాడు ఏదో కలుపుతున్నాడని రోజుకో సీసాలో పాలు పట్టి, పేరూ తేదీ రాసి దాచిన మనిషివి. అక్క ఆ సీసాలన్నీ కడిగి పప్పులు పోసుకుంది. నువ్వు ఆ పప్పుల మీద కూడా అనుమానపడ్డావు.

నీ ప్రశ్నలకి జవాబులు. ముప్ఫై మడుల్లోనూ తవ్వాం. జానెడు లోతు. మట్టి అక్కడిదే, పైన మాత్రం చుట్టుపక్కల వంటిళ్ల తుక్కుతో చేసిన ఎరువు వేశాం. షెడ్లు తూర్పు వైపున ఉండేవట. సీసం చూశాం, హద్దుకి దిగువనే ఉంది. చాలా?

ఒకసారి వచ్చి చూడు బావా. రిటైరయ్యాక ఏం చెయ్యాలో తెలీక గోడలు చూస్తూ కూర్చున్నవాణ్ని ఈ తోట లేపి నిలబెట్టింది. పెచ్చులూడిన కాంక్రీటు తొలగించడానికే ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దున్నే ఆడవాళ్లు సంచులు పట్టుకుని వస్తారు, ఆఫీసులకి వెళ్లేవాళ్లు బూట్లు విప్పి అరగంట కలుపు తీసి వెళ్తారు. కోసిన చోటికీ తిన్న చోటికీ మధ్య నాలుగు వీధులు. ఇంతకంటే ఏం కావాలి? తోట కమిటీలో మాత్రం ఇక్కడ కార్లు నిలుపుకుంటే బాగుండేదనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చిన్న సాకు దొరికితే చాలు వాళ్లకి.

ఈ ఉత్తరంతో పాలకూర కట్ట పంపుతున్నాను. వ్యాను డ్రైవరు నీ చేతికే ఇస్తాడు. అచ్చైన ఆ పాత పరిశోధన పేపరు సంగతి వదిలెయ్యి. ఇద్దరం ముసలివాళ్లమయ్యాం.

గొడుగు

•

మూడో అంతస్తు, వెనక గది
జూన్ 29

బావమరిదీ,

పాలకూర తినలేదు. కిటికీలో ఆరబెట్టి, కవర్లో వేసి, పెన్సిలుతో తేదీ రాసి పెట్టాను. నవ్వుకో.

ఆరు ప్రశ్నలు అడిగితే ఐదింటికి జవాబిచ్చావు. ఐదో ప్రశ్న పక్కనించి, బడిపిల్లాడు కుక్కని తప్పించుకున్నట్టు, చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయావు. కలిపారా, విడిగా చూశారా?

ఇంకొకటి. నా ఫ్లాటు నంబరు నేను నీకు రాయలేదు. ఉత్తరం పైన అంతస్తు, కవరు మీద వీధి పేరు తప్ప ఏమీ వెయ్యలేదు. నీ డ్రైవరు ఇన్ని బిల్డింగుల్లో తిన్నగా మా బిల్డింగుకే వచ్చి నా తలుపే కొట్టాడు. ఎవరు చెప్పారు?

తోటకి వచ్చాను. లోపలికి కాదు. ఎదురుగా సైకిలు షాపు ఉంది కదా, ఆ బల్ల మీద నాలుగు రోజులు కూర్చున్నాను. ఇంకా ముందే రావలసింది, పిచ్చుకకి ఒంట్లో బాగాలేక ఆగాను. వారంగా కడుపునొప్పి అంటోంది, అన్నం చూస్తే మారాం, ముఖం పాలిపోయింది. డాక్టరు నులిపురుగులకి మందిచ్చాడు.

సైకిలు షాపువాడు నీకంటే నిజాయితీపరుడు. డిపో ఉన్న రోజుల నించీ అక్కడే ఉన్నాడు. ఏదో కాలక్షేపానికన్నట్టు అడిగాను.

"ఆ తూర్పు గోడ దగ్గర ఏముండేదయ్యా?"

"బ్యాటరీల షెడ్డు సార్. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకలు తీసి కరిగించేవాళ్లు. ఆ పొగకి నా కళ్లు మండేవి."

"ఎన్నాళ్లు?"

"మా పెద్దాడు పుట్టకముందు నించీ, వాడి పెళ్లయ్యేదాకా. మీరేంటి సార్, కొంటారా స్థలం?"

"కొననయ్యా. తినేవాళ్లని చూద్దామని వచ్చాను."

నేనేదో తిక్కమనిషిననుకున్నాడు. అనుకోనీ.

బ్యాటరీల లోపల ఉండేది సీసం. నీకది చెప్పక్కర్లేదు. ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. నువ్వు అచ్చు వేయించుకున్న పద్ధతికి ఒక చిల్లు ఉంది. ఎక్కడుందో నాకు తెలుసు, నీకు తెలీదు. దొంగిలించిన గడియారం ఎప్పుడు ఆగిపోతుందో చేసినవాడికే తెలుస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఈ మాట అనటానికి కాచుకుని ఉన్నాను. ముందు ఆ పద్ధతి ఎవరిదో నీ చేత్తో కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపు. అప్పుడు చిల్లు ఎక్కడుందో చెప్తాను.

ఇట్లు,
నీ అక్క మొగుడు

•

తోట షెడ్డు
జూలై 10

బావా,

నువ్వు సైకిలు షాపులో కాపలా కాసిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. కళ్లజోడు మీద నల్ల కళ్లజోడు పెట్టుకుని, తలకిందులుగా పట్టుకున్న పేపరు చదువుతూ కూర్చుంటే గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? మా ఆడవాళ్లు రెండో రోజే "పాపం, ఎవరో ఇల్లు మర్చిపోయినాయన" అనుకుని మంచినీళ్లు పంపబోయారు. నేనే వద్దన్నాను. గేటు దగ్గర కూడా చెప్పి ఉంచాను, ఆ పెద్దమనిషిని లోపలికి రానివ్వొద్దని. నీకు కావలసింది మట్టి కాదు, నా తల.

కలిపే చూశాం. అచ్చులో ఉన్న పద్ధతి ప్రకారం, ముప్ఫై మడుల మట్టీ కలిపి ఒక్క పరీక్ష. రిపోర్టు నకలు ఇందులో పెట్టాను. దొంగ రిపోర్టు కాదు, ఎవరి చేత తనిఖీ చేయించుకుంటావో చేయించుకో. హద్దుకి కొంచెం దిగువన ఉంది. కొంచెమైనా దిగువ దిగువే. చిల్లు ఉంది, బొక్క ఉంది అని నన్ను భయపెట్టి కాగితం రాయించుకోవాలని చూడకు.

ఇక నీ ఫ్లాటు నంబరు ఎవరు చెప్పారంటావా? అమ్మాయే. మావయ్యనని ఏడాదిగా వచ్చిపోతోంది. క్రెష్ వంటకి కూరంతా ఇక్కడిదే. నువ్వు వద్దన్నప్పుడు తల ఊపింది, ఊపక ఏం చేస్తుంది? నీతో వాదించడం కంటే దాచిపెట్టడం తేలికని అక్క దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

నీ మనవరాల్ని నేను చూసి ఉండనని రాశావు. వారానికి రెండుసార్లు చూస్తాను. నేను దానికి గొడుగు తాతని. పసిపిల్లలకి కదా అని, ఉన్నవాటిల్లో మంచివి ఏరి క్రెష్‌కి విడిగా ఇచ్చాను. తూర్పు గోడ పక్క నాలుగు మడులు. గోడ నీడకి ఆకు లేతగా వస్తుంది. పిచ్చుక తనే ముల్లంగి పీకుతుంది, కడిగేదాకా ఆగదు, మట్టితోనే కొరుకుతుంది. చూస్తే నీకు కూడా నవ్వొచ్చేది.

నీ అనుమానాలతో నీ ఇంటివాళ్లకే నువ్వు పరాయివాడివయ్యావు. అది చూసుకో ముందు.

గొడుగు

•

నీ తోట గేటు బయట
జూలై 12

నీకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పిచ్చుకని పక్కింటివాళ్లకి అప్పగించి పరుగెత్తుకుంటూ వచ్చాను. గేటు మనిషి రానివ్వలేదు. "సార్ లేరండి, ఉన్నా మిమ్మల్ని వదలొద్దన్నారు" అన్నాడు. అతని స్టూలు మీదే కూర్చుని రాస్తున్నాను. దీన్ని నీ చేతికి ఇచ్చేదాకా కింద పెట్టనని నాకు మాటిచ్చాడు.

తూర్పు గోడ పక్క మడుల్లోనించి ఒక్క ఆకు కూడా బయటికి పోకూడదు. ఇవాళే. ఇప్పుడే.

అమ్మాయికి నిన్ననే చెప్పాను. ఏమందో తెలుసా?

"నాన్నా, మళ్లీ మొదలెట్టావా? అప్పుడు పాలవాడు, తరవాత మందుల షాపు, ఇప్పుడు మావయ్యా?"

"ఈసారి నిజమే."

"ప్రతిసారీ ఇదే మాట కదా నాన్నా!"

ఇవాళ పొద్దున పిచ్చుకని పంపనని తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దాన్ని ఇంట్లో వదిలి తను వెళ్లిపోయింది. మిగిలిన పదమూడు మందికి ఈ మధ్యాహ్నం కూడా అదే కూర వండి పెట్టి ఉంటుంది. నన్ను ఎవరూ నమ్మరు, నువ్వు చెప్తే నమ్ముతారు. నువ్వు నమ్మాలంటే నా దగ్గర ఒకటే ఉంది. ఇందులో పెట్టిన కాగితం.

చూశావుగా, నా రాతే. మన పాత నోటుపుస్తకంలోని చివరి పేజీ. "మట్టి అంతటా ఒకే తీరుగా ఉన్న పొలానికే ఈ పద్ధతి. వ్యర్థాలు ఒక మూలన పోసిన చోట, పాత కార్ఖానాల చోట వాడకూడదు. ఒక మూల ఉన్న విషాన్ని మిగతా మంచి మట్టి కప్పేస్తుంది, లెక్క హద్దు లోపలే వస్తుంది. అలాంటి చోట ప్రతి గుంటా విడిగా పరీక్షించాలి."

ఆ పుస్తకం నువ్వు దొంగచాటుగా ఎత్తి రాసుకుంటున్నావని నాకు ముందే అనుమానం వచ్చింది. అడగలేదు. పట్టుకోలేదు. ఈ పేజీ చింపి పెట్టెలో దాచి, పుస్తకం మళ్లీ బల్ల మీద పెట్టేశాను. తీసుకో, సగమే తీసుకో, ఎప్పుడో ఒకరోజు అందరి ముందూ బోర్లా పడతావు, అప్పుడు ఈ కాగితం తీసి చూపిస్తాను అనుకున్నాను. ఎవరు పడతారో ఆలోచించలేదు.

బ్యాటరీల సంగతి తెలిశాక కూడా ఆగాను. ముందు నీ సంతకం కావాలన్నాను. ఆ రెండు వారాలూ పిచ్చుక ముల్లంగి తింటూనే ఉంది.

సంతకం వద్దు. ఏమీ వద్దు. పిల్లల రక్తంలో సీసం ఎంతుందో చూడమని డాక్టరుకి నువ్వే చెప్పు. నేను చెప్తే నులిపురుగుల మందు ఇస్తాడు.

•

తోట షెడ్డు
ఆగస్టు 2

బావా,

నీ ఉత్తరం అందిన గంటలో నాలుగు మడులకీ తాడు కట్టించాను. పెరిగినదంతా పీకి గోనెసంచుల్లో కట్టించాను. అమ్మాయిని కూర్చోబెట్టి ఆ కాగితం చూపించాను. చదివి, నేరుగా వెళ్లి వంటింట్లో ఉన్న కూర ఎత్తి పారబోసింది.

ముప్ఫై మడులూ విడివిడిగా పరీక్ష చేయించాను. ఇరవై ఆరు శుభ్రంగా ఉన్నాయి. నాలుగింటిలో హద్దుకి ఆరు రెట్లు. నువ్వు రాసినట్టే, అక్షరాలా. ఇరవై ఆరు మంచివి కలిసి ఆ నాలుగింటినీ కప్పేశాయి.

పద్నాలుగు మంది పిల్లలకీ రక్తపరీక్ష అయింది. ఐదుగురికి ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉంది. అందరికంటే పిచ్చుకకి ఎక్కువ. నీకు అమ్మాయి చెప్పే ఉంటుంది. తినటం ఆపితే మెల్లగా దిగుతుంది, బలమైన తిండి పెట్టండి, నెలనెలా చూద్దాం అంటున్నాడు డాక్టరు. ఇంకేమీ కాదు కదా అని మూడుసార్లు అడిగాను. ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఇప్పటికైనా పట్టుకున్నారు అన్నాడు.

ఒక విషయం నీకు రాయకుండా ఉండలేను. అప్పట్లో నీ పుస్తకం తీసినప్పుడే అందులో చిరిగిన అంచు నాకు కనిపించింది. కుట్టు దగ్గర కాగితం ముక్కలు పళ్లలా మిగిలి ఉన్నాయి. ఏదో పేజీ లేదని తెలుసు. అడగాలంటే పుస్తకం తీశానని ఒప్పుకోవాలి. అడగలేదు. బ్యాటరీ షెడ్డు సంగతి కూడా పూర్తిగా తెలీదనను. తూర్పున షెడ్లున్నాయని నీకు రాసింది నేనే కదా. మట్టి కలపబోతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కానీ ఆ పద్ధతి నా పేరు మీద ఉంది బావా. దాన్ని శంకిస్తే అది నాది కాదని నాకే గుర్తొస్తుంది. అందుకే కలిపేశాను.

ఇప్పుడు కమిటీ కూర్చుంటోంది. తోట మొత్తం మూసేసి కార్లకి ఇచ్చేయాలని కొందరు. పిల్లల తల్లిదండ్రులు కూడా వస్తున్నారు. ఇరవై ఆరు మడులు మంచివని విడి పరీక్షలు చూపిస్తాను. నాలుగింటిలోనూ జానెడు లోతు మట్టి తీయించి, అక్కడ ఇక తినేవి వెయ్యబోమని రాసిస్తాను. తప్పెలా జరిగిందో కూడా రాసి అందరికీ పంచాలి. చిత్తు రాశాను. "పద్ధతిలో లోపం ఉంది. దాన్ని ప్రచురించినవాణ్ని నేను. బాధ్యత నాదే." అంతే.

ఈసారి కూడా నీ పేరు రాయలేదు బావా. ఆ పేజీ ఎక్కణ్నించి వచ్చిందని అమ్మాయి అడిగితే పాత కాగితాల్లో దొరికిందన్నాను. ఎందుకు చింపావో, ఎప్పుడు చింపావో నువ్వు రాసిన ఉత్తరం దానికి చూపించలేదు. కాల్చేయమంటే కాల్చేస్తాను. ఈ వయసులో దాని ముందు నువ్వు నిలబడలేవు. నేనంటే తలదించుకుని నిలబడటానికి అలవాటుపడ్డవాణ్ని.

గొడుగు

•

మూడో అంతస్తు, వెనక గది
ఆగస్టు 4

బావమరిదీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి, ఇందులో ఏం మెలిక పెట్టాడా అని చదివాను. నా పేరు మరుగున పెట్టి, రేపెప్పుడో దాన్ని పట్టుకుని నన్ను ఆడిద్దామనా అనుకున్నాను. ఈ బుద్ధి నాతోనే పోవాలి. రెండోసారి ఊరికే చదివాను.

మెలిక లేదు. నువ్వు నిజంగానే నన్ను నీ గొడుగు కిందకి రమ్మంటున్నావు. రాను.

నిన్న సాయంత్రం అమ్మాయికి చెప్పాను. పిచ్చుక నేల మీద కూర్చుని బొమ్మకి అన్నం తినిపిస్తోంది. ఈ మధ్య తను సరిగా తినదు కానీ బొమ్మని మాత్రం వదలదు. పేజీ ఎందుకు చింపానో, ఎప్పుడు చింపానో, బ్యాటరీల సంగతి తెలిశాక ఎన్ని రోజులు ఊరుకున్నానో, అంతా వరసగా చెప్పాను. అడ్డు రాకుండా వింది. చివరికి ఒకటే అడిగింది.

"అమ్మకి తెలుసా నాన్నా?"

"తెలీదు."

"పోన్లే" అంది. బొమ్మనీ పిల్లనీ కలిపి ఎత్తుకుని లోపలికెళ్లి తలుపు వేసుకుంది. ఇవాళ పొద్దున నా గది ముందు కాఫీ పెట్టింది. పిలవలేదు. తలుపు తట్టలేదు. చల్లారాక చూసుకుని తాగాను.

అలా నిలబడటం నాకూ అలవాటు కావాలి. ఇప్పుడే మొదలుపెట్టాను.

కమిటీకి నువ్వు రాసిచ్చేదాంట్లో సాంకేతికంగా రెండు తప్పులున్నాయి. సరిచేసి ఇందులో పెట్టాను. మట్టి జానెడు తీస్తే చాలదు, మూరెడు తియ్యాలి, అడుగున రేకు పరచాలి. ఆ మట్టిని ఎక్కడ పారబోస్తారో కూడా రాసి ఉండాలి, లేకపోతే ఇంకొకడెవడో దాని మీద ముల్లంగి వేస్తాడు. కార్లు నిలుపుదామనే పెద్దమనుషులకి ఇరవై ఆరు రిపోర్టులూ విడివిడిగా, ఒక్కొక్కటీ చేతికివ్వు. కలిపి ఇవ్వకు.

ఇక పేరు సంగతి. పద్ధతి కనిపెట్టినవాడు, దాని హద్దు తెలిసి దాచినవాడు, దొంగిలించినవాడు, చిరిగిన అంచు చూసీ అడగనివాడు. నాలుగు పనులు, ఇద్దరు మనుషులు. రెండు పేర్లూ ఉండాలి. పంతొమ్మిదేళ్లు ఏ పేరు అచ్చులో లేదని ఏడ్చానో ఆ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా వెయ్యి. వయసులో పెద్దవాణ్ని, ముందు నాది.

నా ఉత్తరం కాల్చకు. అడిగిన తల్లిదండ్రులకి చదివి వినిపించు.

కమిటీ రోజున వస్తాను. నా పేరు నిజంగా వేశావో లేదో నా కళ్లతో చూడాలి. గేటు మనిషికి చెప్పి ఉంచు.